కిడ్లింగ్టన్: 13 వేల మంది ఉన్నా మాది పల్లెటూరే అంటారు

మీలో ఎవరైనా పీహెచ్‌డీ చేసి ఉంటే, లేదా ఇంజినీరింగ్ చదివేటప్పుడు లైబ్రరీలో ఎల్సెవియర్ వాళ్ళ లావుపాటి పుస్తకం తిరగేసి ఉంటే, మొదటి పేజీల్లో సన్న అక్షరాలతో ఒక అడ్రస్ చూసే ఉంటారు. ది బులవార్డ్, లాంగ్‌ఫర్డ్ లేన్, కిడ్లింగ్టన్, ఆక్స్‌ఫర్డ్. ఆ కిడ్లింగ్టనే ఇప్పుడు మేం ఉంటున్న ఊరు. ఆక్స్‌ఫర్డ్‌కి ఉత్తరాన 5 మైళ్ళు, ఒక పక్క చెర్వెల్ అనే చిన్న నది, ఇంకో పక్క ఆక్స్‌ఫర్డ్ కెనాల్, మధ్యలో నిలువుగా సాగిపోయిన ఊరు. మేం ఇక్కడికి వచ్చింది ఊరి మీద ప్రేమతో ఏం కాదు, ఆక్స్‌ఫర్డ్‌లో అద్దెలు విని గుండె ఆగినంత పనై, బస్సు దొరికే దూరంలో ఏముందా అని వెతికితే ఇది తగిలింది అంతే.

ఇంగ్లండ్ పల్లెటూరు అనగానే మనకి క్యాలెండర్ బొమ్మ గుర్తొస్తుంది కదా, గడ్డి కప్పు ఇళ్ళు, గులాబీ తీగలు, చెరువులో బాతులు. అలాంటిది ఊహించుకుని కిడ్లింగ్టన్ వస్తే మాత్రం నిరాశే. బస్సు దిగగానే కనిపించేది నాలుగు వైపులా ట్రాఫిక్, సూపర్ మార్కెట్లు, చారిటీ షాపులు, కబాబ్ కొట్టు, 1930ల తర్వాత వరసగా కట్టేసిన ఒకేలాంటి ఇళ్ళు. 2011 సెన్సస్‌లో జనాభా 13,723. పక్కనే అతుక్కుపోయి ఉన్న గాస్‌ఫర్డ్ లెక్క వేరే, అది ఇంకో పారిష్, అంటే మన పంచాయతీ లాంటిది, కానీ నడుచుకుంటూ పోతే ఎక్కడ ఇది అయిపోయిందో ఎక్కడ అది మొదలైందో మీకు తెలీదు. ఇంత ఊరికి అఫీషియల్ హోదా ఏంటయ్యా అంటే, విలేజ్.

ఇంగ్లండ్‌లోకెల్లా పెద్ద పల్లెటూరు మాదే అని ఇక్కడ కొందరు గర్వంగా చెప్తారు, కానీ ఆ మాట చెప్పుకునే ఊళ్ళు చాలానే ఉన్నాయి. హల్ నగరం పక్కన కాటింగ్‌హామ్ ఉంది, అక్కడ 2011లోనే 17 వేలు దాటారు. సర్రీలో క్రాన్లీ వాళ్ళూ అదే అంటారు, జనాభా మాకంటే తక్కువే అయినా. ఈ పోటీలో ఎవరు గెలిచారో తేల్చడం కష్టం, ఎందుకంటే ఇంత జనాభా దాటితే టౌన్ అయిపోవాల్సిందే అనే రూలే లేదు ఇక్కడ. 1972 లోకల్ గవర్నమెంట్ యాక్ట్ ప్రకారం పారిష్ కౌన్సిల్ తనంతట తానే తీర్మానం చేసుకుని రేపటి నుంచి మేం టౌన్ కౌన్సిల్ అని ప్రకటించుకోవచ్చు, అప్పుడు ఛైర్మన్ కాస్తా టౌన్ మేయర్ అయిపోతారు. అంటే ఈ ఊరు విలేజ్‌గా ఉండిపోయింది ఎవరో ఆపితే కాదు, కావాలనే. టౌన్ చేద్దామనే మాట ఇంతకుముందు వచ్చినప్పుడు ఊళ్ళో జనం వద్దే వద్దన్నారు.

మన దగ్గర మేజర్ పంచాయతీని మున్సిపాలిటీ చేస్తాం అంటే జనం ఎందుకు గోల చేస్తారో మనకి తెలుసు, ఇంటిపన్ను పెరుగుతుంది, ఉపాధి హామీ పని పోతుంది. ఇక్కడ అలాంటిది ఏమీ లేదు, పేరు మార్చుకున్నంత మాత్రాన పన్ను పెరగదు, పోయే పథకమూ లేదు. మరి ఎందుకు ఇంత పట్టుదల అని మొదట్లో నాకు అర్థం కాలేదు, ఇదేం సోకురా బాబూ అనుకునేవాణ్ణి. ఊరి కథ కొంచెం కొంచెం తెలిసే కొద్దీ సోకు కాదని అర్థమైంది.

అసలు కథలోకి వెళ్ళేముందు 2016 ముచ్చట చెప్పాలి, ఎందుకంటే ఈ ఊరు ప్రపంచం మొత్తానికి ఒక్కసారి వార్తల్లోకి ఎక్కింది అప్పుడే. ఆ ఎండాకాలం బెన్‌మీడ్ రోడ్ అనే మామూలు వీధిలో, నిజంగా చాలా మామూలు వీధి అండీ, నేను రోజూ నడిచే దారి, అక్కడికి పెద్ద పెద్ద కోచ్ బస్సులు వచ్చి చైనా టూరిస్టులని దింపడం మొదలుపెట్టాయి. వాళ్ళు దిగి ఇళ్ళ ముందు తోటలు, పార్క్ చేసిన కార్లు, గేట్లు, అన్నిటికీ ఫోటోలు తీసుకోవడం, కొంతమంది పెరట్లోకి కూడా వెళ్ళిపోవడం. ఊళ్ళో వాళ్ళకి మతిపోయింది, మా ఊళ్ళో చూడ్డానికి ఏముందని వస్తున్నారు అని. ఎవరికీ అంతు చిక్కక చివరికి చైనీస్‌లో ప్రశ్నలు రాయించి టూరిస్టుల చేతికే ఇచ్చారు. తర్వాత మీడియాలో అసలు సంగతి బయటికొచ్చింది. దగ్గర్లో వుడ్‌స్టాక్‌లో బ్లెన్‌హైమ్ ప్యాలెస్ ఉంది, చర్చిల్ పుట్టిన కోట. అది ప్యాకేజీలో లేదు, చూడాలంటే గైడ్‌కి అదనంగా 68 డాలర్లు కట్టాలి. కట్టని వాళ్ళని అక్కడే వదిలేస్తే సొంతంగా టికెట్ కొనుక్కుని తక్కువలో లోపలికి వెళ్ళిపోతారు కదా, అందుకని ఆ అవకాశం లేకుండా నాలుగు మైళ్ళ ఇవతల మా ఊళ్ళో దింపేసి, కోట చూసి వచ్చేటప్పుడు ఎక్కించుకుని పోయేవారు. గైడ్ల తెలివికి దండం పెట్టాలి.

నవ్వొచ్చే విషయమే కానీ ఆలోచిస్తే ఈ ఊరి చరిత్రంతా దాదాపు ఇలాంటిదే. ఎక్కడికో పోయే దారిలో ఇక్కడ ఆగినవాళ్ళ కథ.

1086లో విలియం రాజు చేయించిన డూమ్స్‌డే సర్వేలో ఈ ఊరు ఉంది, చెడెలింటోన్ అనే పేరుతో. అప్పుడిది రాబర్ట్ డోయ్లీ అనే నార్మన్ దొర కింద ఉండేది, ఆక్స్‌ఫర్డ్‌లో కోట కట్టింది కూడా ఆయనే. సెయింట్ మేరీ చర్చి 13వ శతాబ్దం నాటిది, ఊరికి ఒక చివర ఉంటుంది, దాని శిఖరం దాదాపు 165 అడుగులు, సన్నగా సూదిలా ఉంటుంది కాబట్టి దాన్ని అవర్ లేడీస్ నీడిల్, అంటే మేరీమాత సూది అంటారు. ఊరు చాలా బల్లపరుపు నేల కాబట్టి పొలాల్లోంచి ఎటు చూసినా ఆ సూది కనిపిస్తుంది, నేను వాకింగ్‌కి వెళ్ళి దారి తప్పితే ఫోన్ తీయను, దాన్నే చూసుకుంటూ వచ్చేస్తా. చర్చి చుట్టుపక్కల భాగం మాత్రం నిజంగా క్యాలెండర్ బొమ్మలాగే ఉంటుంది, పాపం ఆ టూరిస్టులని అక్కడ దింపి ఉన్నా బాగుండేది. 16వ శతాబ్దంలో ఇక్కడి చర్చి ఆస్తి ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కాలేజీకి వెళ్ళింది. ఆ తర్వాత శతాబ్దాల పాటు కాలేజీ హెడ్ ఎవరైతే వాళ్ళే ఈ ఊరి చర్చికి వికార్ కూడా. అంటే పంతులుగారు ఊళ్ళో ఉండరు, సిటీలో కాలేజీలో ఉంటారు, ఇక్కడ పని ఇంకెవరో చూస్తారు. ఈ రోజు పారిష్ కౌన్సిల్ ఆఫీసు ఉండే బిల్డింగ్ పేరు ఎక్సెటర్ హాల్, ఆ పేరు ఎక్కడిదా అనుకునేవాణ్ణి, ఇదన్నమాట.

చర్చి దగ్గర్లోనే 1671లో కట్టిన ఆల్మ్స్‌హౌస్‌లు ఉన్నాయి, ఆసరా లేని ముసలివాళ్ళ కోసం కట్టే ధర్మపు ఇళ్ళు. కట్టించింది సర్ విలియం మార్టన్, రాజు తరఫున యుద్ధం చేసిన మనిషి, తర్వాత పెద్ద జడ్జి అయ్యాడు. చనిపోయిన భార్య, పిల్లల పేర్లు ఆ ఇళ్ళ కిటికీల పైన రాళ్ళ మీద చెక్కించాడు. అదే మనిషి గురించి ఇంకో కథ ఉంది. క్లాడ్ డువాల్ అని ఒక దారిదోపిడీ దొంగ, మంచి అందగాడు, లండన్ ఆడవాళ్ళంతా వాడి కోసం ఏడ్చారట, రెండో చార్లెస్ రాజు కూడా క్షమించేద్దాం అనుకున్నాడట, అప్పుడు ఈ మార్టన్ గారు వాణ్ణి వదిలితే నేను రాజీనామా చేస్తా అని భీష్మించుకు కూర్చుంటే 1670లో ఉరి తీశారు. పిల్లల పేర్లు రాళ్ళ మీద చెక్కించుకుని బాధపడిన మనిషీ, ఈ మనిషీ ఒక్కరే అంటే ఆ కిటికీల ముందు నిలబడినప్పుడల్లా నాకు వింతగా ఉంటుంది.

నా లెక్కలో ఈ ఊరి చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన సంవత్సరం 1818. అంతకుముందు దీన్ని కిడ్లింగ్టన్ ఆన్ ది గ్రీన్ అనేవారు, ఊరికి ఆనుకుని పెద్ద ఉమ్మడి పచ్చిక మైదానం ఉండేది, అందరి ఆవులూ గొర్రెలూ అక్కడే మేసేవి. ఎన్‌క్లోజర్ అని చట్టాలు చేసి ఇంగ్లండ్ అంతటా అలాంటి ఉమ్మడి భూముల్ని ముక్కలు చేసి, కంచెలు వేసి, పత్రాలు ఉన్నవాళ్ళకి పంచేశారు. ఇక్కడ ఆ పని 1818లో జరిగింది. పత్రాలు లేని పేదోడికి ఆవుని ఎక్కడ మేపాలో తెలీని పరిస్థితి. మన బంజర్లు, పోరంబోకు కథలు విన్నవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఊరి మ్యాప్ చూస్తే మధ్యలో పెద్ద పచ్చిక లేకపోవడానికి కారణం అదే, గ్రీన్ పేరులోంచి పోయింది, నేల మీదనుంచీ పోయింది. ఊరు అంటే ఒక చోట గుమిగూడినట్టు కాకుండా చెల్లాచెదురుగా ఎందుకుంది అనేదానికి కూడా సగం జవాబు ఇదే అనిపిస్తుంది నాకు.

కెనాల్, రైలు గురించి త్వరగా చెప్పేస్తా. కెనాల్ 1790లో ఆక్స్‌ఫర్డ్ చేరింది, ఉత్తరాది బొగ్గు దాని మీదే వచ్చేది, ఇప్పుడు దాని మీద రంగురంగుల పొడుగు పడవల్లో సెలవులకి వచ్చినవాళ్ళు, అందులోనే కాపురం ఉండేవాళ్ళు. ఊరి రైల్వే స్టేషన్ 1964లో మూసేశారు, రైళ్ళు మాత్రం ఇప్పటికీ ఆగకుండా పోతూనే ఉంటాయి. 2015లో ఊరి దక్షిణాన ఆక్స్‌ఫర్డ్ పార్క్‌వే అని కొత్త స్టేషన్ వచ్చింది, లండన్ మేరిలిబోన్‌కి నేరుగా పోవచ్చు. చూడండి, స్టేషన్‌కి పేరు పెట్టేటప్పుడు కూడా మా ఊరి పేరు పెట్టలేదు.

ఊరు ఇంత పెద్దదవ్వడానికి అసలు కారణం మోరిస్ కార్లు. ఆక్స్‌ఫర్డ్‌కి ఇంకో చివర కౌలీలో విలియం మోరిస్ 1913లో కార్ల ఫ్యాక్టరీ పెట్టాడు, 1920లు 30ల్లో వేల మందికి ఉద్యోగాలు, వాళ్ళకి ఇళ్ళు కావాలి, సిటీ బయట భూమి చవక. దాంతో బాన్‌బరీ పోయే మెయిన్ రోడ్డు పొడుగునా రెండు పక్కలా ఇళ్ళు కట్టుకుంటూ పోయారు, రోడ్డు ఉంటే చాలు, వెనకాల ఏముందో ఎవరికీ పట్టలేదు. దేశమంతటా ఇదే గొడవ అయ్యి 1935లో ఇలా రోడ్డు వెంట రిబ్బన్‌లా ఇళ్ళు కట్టకుండా చట్టమే తెచ్చారు, కానీ అప్పటికే ఇక్కడ జరగాల్సింది జరిగిపోయింది. అందుకే ఇప్పటికీ ఊరి మధ్యలోంచి ఆ రోడ్డు పోతూ ఊరిని రెండు ముక్కలు చేస్తుంది.

అదే దశాబ్దంలో ఇక్కడ జూ కూడా ఉండేదంటే నమ్ముతారా? 1931లో పెట్టారు, పేరు మళ్ళీ ఆక్స్‌ఫర్డ్ జూనే. రోజీ అని ఒక ఏనుగు ఉండేది, పిల్లల్ని ఎక్కించుకుని తిప్పేది. ఒకసారి తోడేళ్ళు తప్పించుకుని ఊరి మీద పడితే ఆ హడావిడి అప్పట్లో పేపర్లకెక్కింది. కొన్నేళ్ళకే మూసేశారు, జంతువులు డడ్లీలో 1937లో పెట్టిన కొత్త జూకి వెళ్ళాయి. ఆ స్థలంలోనే ఇప్పుడు థేమ్స్ వ్యాలీ పోలీస్ హెడ్‌క్వార్టర్స్. దీని మీద ఊళ్ళో జోకులకి కొదవ లేదు, పోలీసులు చదివినా చదవొచ్చు కాబట్టి నేను రాయట్లేదు.

ఇంకోటి ఎయిర్‌పోర్ట్. 1935లో ఆక్స్‌ఫర్డ్ సిటీ కౌన్సిల్ పెట్టింది, రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్ఏఎఫ్ కిడ్లింగ్టన్, అంటే బ్రిటన్ వైమానిక దళం బేస్ అయింది, ఇప్పుడు బోర్డు మీద లండన్ ఆక్స్‌ఫర్డ్ ఎయిర్‌పోర్ట్ అని ఉంటుంది, లండన్ ఇక్కడికి ఎంత దూరమో చెప్తే నవ్వుతారు. ఎమీ జాన్సన్ పేరు విన్నారా, 1930లో ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా దాకా ఒంటరిగా విమానం నడిపిన మొదటి మహిళ, ఆ దారిలో కరాచీ, ఝాన్సీ, కలకత్తాల్లో కూడా దిగింది. 1941 జనవరి 5న ఆవిడ బ్లాక్‌పూల్ నుంచి ఒక విమానాన్ని ఈ కిడ్లింగ్టన్ బేస్‌కి చేర్చాలని బయల్దేరింది. వాతావరణం అస్సలు బాలేదు, దారి తప్పి ఎక్కడో థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట పడిపోయింది, శరీరం కూడా దొరకలేదు. ఎంతోమంది ఎక్కడికో పోతూ ఇక్కడ ఆగారు అన్నా కదా, ఆవిడ ఇక్కడికే రావాలని బయల్దేరి రాలేకపోయింది.

సరే ఇప్పటి ఊరి సంగతి. ఇక్కడ మూడు అంచెల ప్రభుత్వం. రోడ్లు, స్కూళ్ళు కౌంటీ కౌన్సిల్ చేతిలో, చెత్త తీయడం, ఇళ్ళ పర్మిషన్లు చెర్వెల్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ చేతిలో, మిగిలిన చిల్లర పనులు పారిష్ కౌన్సిల్ చేతిలో. చిల్లర అన్నానని తేలిగ్గా తీసుకోకండి, పిల్లల ఆట స్థలాలు, తోటలు, కమ్యూనిటీ హాలు, ఊరు ఊరుగా కనిపించే పనులన్నీ అవే. మేం ఇక్కడ కట్టే కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఇంటిపన్ను లాంటిది, దాని బిల్లులో పారిష్ వాటా అని ఒక చిన్న లైన్ ఉంటుంది, దాంతో నడుస్తుంది. కౌన్సిలర్లు జీతం కోసం చేసే పని కాదు, మీటింగ్‌లో ఊరివాళ్ళకి మాట్లాడ్డానికి కొంచెం టైం ఇస్తారు. ఒకసారి వెళ్ళి కూర్చున్నా, అరగంట సేపు ఒక చెట్టు కొమ్మ గురించి చర్చ. మన గ్రామసభలో ఉండే కేకలు లేవు, కుర్చీలు విసురుకోవడం లేదు, కానీ కోపం మాత్రం అంతే ఉంది, ప్లీజ్‌లూ థ్యాంక్యూలూ చుట్టి బయటికి తీస్తారంతే.

అలాట్‌మెంట్‌ల గురించి మాత్రం నేను గంట మాట్లాడగలను. ఏడాదికి కొద్దిపాటి అద్దె కట్టి కూరగాయలు పండించుకునే చిన్న నేల ముక్క. దాన్ని ఇప్పటికీ పోల్స్ అనే పాతకాలపు కొలతలో లెక్కేస్తారు, ఒక ఫుల్ ప్లాట్ అంటే 10 పోల్స్, సుమారు 250 చదరపు మీటర్లు. మా ఫ్రెండ్‌కి ఒకటి దొరికింది, ఎండాకాలంలో మెంతికూర, కొత్తిమీర, బంగాళాదుంపలు బాగానే వస్తాయి, గోంగూర మాత్రం ఈ చలికి మొండికేస్తుంది. పక్క ప్లాట్ పెద్దాయన రూబార్బ్ అనే పుల్లటి కాడలు కట్టలు కట్టలు ఇస్తాడు, వాళ్ళు దాన్ని పంచదార పోసి స్వీట్ చేసుకుంటారు, మేం ఆ పులుపు చూసి పప్పులో వేసేశాం, ఎండుమిర్చి వెల్లుల్లి పోపు పెడితే గోంగూర పప్పుకి దగ్గర దగ్గరగా వస్తుంది. ఆయనకి ఒక డబ్బాలో పెట్టి ఇస్తే మర్నాడు ఖాళీ డబ్బా కడిగి మరీ తెచ్చి ఇంకో రెండు కట్టలు చేతిలో పెట్టాడు. నాకు ఈ ఊళ్ళో మనుషులు తెలిసింది అక్కడే, పబ్బులో కాదు.

1909 నుంచి ఉన్న ఫుట్‌బాల్ క్లబ్ ఉంది, బ్రాస్ బ్యాండ్ ఉంది, చరిత్ర సంఘం ఉంది, స్కౌట్స్, తోటల వాళ్ళు, నవంబర్‌లో యుద్ధంలో పోయినవాళ్ళ కోసం స్తూపం దగ్గర అందరూ కలవడం. ఇవన్నీ జీతం లేకుండా నడిపేవాళ్ళే, ఎక్కువమంది రిటైరైనవాళ్ళు. మనవాళ్ళు, మలయాళీలు, హాస్పిటల్లో నర్సులూ డాక్టర్లూ, ఐటీ వాళ్ళూ, ఈ ఊళ్ళో బాగానే పెరిగారు, పండగలకి హాలు అద్దెకి తీసుకుని బతుకమ్మ, సంక్రాంతి చేసుకుంటున్నాం. కానీ కమిటీల్లోకి మనవాళ్ళు వెళ్ళడం చాలా తక్కువ, హాలు అద్దెకి తీసుకుంటాం గానీ హాలు నడిపే మీటింగ్‌కి వెళ్ళం. టైం ఎక్కడిది అంటాం, నిజమే, కానీ వాట్సాప్ గ్రూపులో గొడవపడ్డానికి ఎంత టైం పెడతామో కూడా నాకు తెలుసు.

ఇక విలేజ్ అనే హోదా మీద పట్టుదల సంగతి. ఆక్స్‌ఫర్డ్‌కీ మాకూ మధ్య కొంచెం పొలాలు మిగిలాయి, అది గ్రీన్ బెల్ట్, సిటీ పెరిగి పక్క ఊళ్ళని మింగకుండా 1950ల నుంచి అనుకుని పెట్టుకున్న పచ్చని పట్టీ. ఆ కాస్త ఖాళీ పోతే కిడ్లింగ్టన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఇంకో పేట అయిపోతుంది, పేరు మిగిలినా ఊరు మిగలదు. టౌన్ అని ఒప్పుకుంటే ఇంకా కట్టుకోవచ్చు కదా అంటారని భయం. చట్టప్రకారం ఆ హోదాకి అంత బలం లేదు, అయినా ఒక ఊరు తనని తాను ఏమని పిలుచుకుంటుందో అలాగే పోట్లాడుతుంది, అందుకే దాన్ని వదలరు. ఒకసారి ఉమ్మడి పచ్చిక చేజార్చుకున్న ఊరు కదా.

2020లో చెర్వెల్ కౌన్సిల్ ఆక్స్‌ఫర్డ్ అవసరాల కోసం మా ఊరు, యార్న్‌టన్, బెగ్‌బ్రోక్ చుట్టుపక్కల 4,400 ఇళ్ళకి ప్లాన్ ఆమోదించింది, చాలావరకు ఆ గ్రీన్ బెల్ట్ నేలలోనే. అది చాలదన్నట్టు ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్ వాళ్ళు ఊరి రౌండబౌట్ పక్కన 16 వేల సీట్ల స్టేడియం కడతామన్నారు, 2025లో దానికీ పర్మిషన్ వచ్చింది. ఊరి మొత్తం జనాభా కంటే ఎక్కువ సీట్లు. కొన్ని ఇళ్ళ కిటికీల్లో వద్దు అనే పోస్టర్లు, కొన్నిట్లో క్లబ్ పసుపు జెండాలు.

నేను ఎటువైపు అంటే, చెప్పడం కష్టం. కుక్కని తీసుకుని ఆ పొలాల గట్ల మీద తిరిగేవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, నేనూ అక్కడే తిరుగుతా. కానీ ఇళ్ళు వద్దు అని మీటింగ్‌లో లేచి మాట్లాడేవాళ్ళలో చాలామందికి ఎప్పుడో తక్కువ ధరకి కొనుక్కున్న సొంతిల్లు ఉంది, అది కూడా 1930ల్లోనో 60ల్లోనో ఎవరి పొలంలోనో కట్టిందే. మా జీతాలతో ఇక్కడ ఇల్లు కొనాలంటే ఆ 4,400లో ఏదైనా దొరికితేనే. రూబార్బ్ పెద్దాయన పూర్తిగా వ్యతిరేకం, ఈ విషయం మీద మేం ఇద్దరం వాదించుకున్నాం, ఆయన ఒక్క మాట అన్నాడు, నువ్వు ఇల్లు కొనుక్కోవడానికి నాకేం అభ్యంతరం లేదు, నా అలాట్‌మెంట్ పక్కన కాకుండా చూసుకో అని. మా ఆవిడ అప్పుడే బెగ్‌బ్రోక్ వైపు వచ్చే ఇళ్ళ ప్లాన్లు ఆన్‌లైన్‌లో చూడ్డం మొదలుపెట్టింది, స్కూలు ఎక్కడ కడతారు, సైకిల్ దారి ఎటు పోతుంది అని.